కారుకి టర్బో పెట్టిద్దాం నాన్నా!

దసరా సెలవుల్లో మేం శ్రీశైలం వెళ్ళాం. విజయవాడ నుంచి వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల దాకా మా స్విఫ్ట్ హాయిగానే పరిగెత్తింది. దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కడం మొదలయ్యేసరికి దానికి ఆయాసం వచ్చింది. ఐదుగురం మనుషులం, డిక్కీ నిండా సామాను, మా అమ్మ ఒళ్ళో పులిహోర డబ్బా. మూడో గేర్లో ఎంత తొక్కినా బండి ముందుకు కదలనంటోంది. ఏసీ ఆపేసి అద్దాలు దించాం. సరిగ్గా అప్పుడే ఒక ఆర్టీసీ బస్సు హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయింది. వెనక సీట్లోంచి పదో తరగతి చదివే మావాడు అన్నాడు: "నాన్నా, ఆ బస్సుకి టర్బో ఉంటుంది. మనకి లేదు. పెట్టిద్దాం."

నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పుకునే మనిషిని. వాడన్నది తప్పని అనలేకపోయాను. ఇంటికొచ్చాక వాడు ఊరుకోలేదు. ఫోన్లో వీడియోలు చూసి, ఒక నోటుపుస్తకం పేజీ నిండా లెక్కలు వేసి నా ముందు పెట్టాడు. టర్బో, దాన్ని బిగించే మానిఫోల్డ్, ఇంటర్‌కూలర్, గొట్టాలు, ఆయిల్ పైపులు, చిన్న కంప్యూటర్ డబ్బా, అన్నీ కలిపి ఒక కిట్. ధర 58 వేలు. "కొత్త కారు కొనాలంటే పది లక్షలు కదా నాన్నా, ఇది ఒక్క ఏడాది మా స్కూలు ఫీజంత కూడా లేదు" అని చివర్లో ఒక వాక్యం. ఫీజుతో పోలిస్తే నేను మెత్తబడతానని వాడికి తెలుసు.

ఆ వారంలోనే మా క్లాసు పేరెంట్స్ గ్రూపులో ఇదే మాట వచ్చింది. ఇంకో ఇద్దరి పిల్లలూ ఇదే అడుగుతున్నారు. ఒకాయన షెడ్‌లో అడ్వాన్సు కూడా ఇచ్చేశానన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మీరు రోజూ పిల్లల్ని దింపే కారుకి టర్బో కిట్ పెట్టించకండి. అలాగని అడిగిన పిల్లవాణ్ణి "నోర్మూసుకుని చదువుకో" అని కూడా అనకండి. వాడు అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే మనం కూడా కాసేపు కూర్చుని చదువుకోవాలి.

టర్బో చేసే పని నిజానికి చాలా తెలివైనది. ఇంజిన్‌లో మండిన పొగ వేడిగా, వేగంగా సైలెన్సర్ లోంచి బయటికి పోతుంది. ఆ పోయే పొగ దారిలో ఒక చిన్న చక్రం పెడితే అది గిరగిరా తిరుగుతుంది. ఆ చక్రానికి ఒకే ఇరుసు మీద ఇంకో చక్రం బిగిస్తే, అది బయటి గాలిని పట్టి ఇంజిన్‌లోకి నెడుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే యంత్రం అది. గాలి ఎక్కువ వెళ్తే పెట్రోలు ఎక్కువ కలపొచ్చు, బలం పెరుగుతుంది. వృథాగా పోయే వేడితో పని చేయించుకోవడం అన్నమాట. ఆల్‌ఫ్రెడ్ బూషి అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కాబట్టి ఇదేదో నిన్నటి యూట్యూబ్ వింత కాదు.

మావాడి లెక్క కూడా ఇక్కడిదాకా సరిగ్గానే ఉంది. మా కారు ఇంజిన్ 1197 సీసీ, 83 హార్స్‌పవర్. మామూలుగా అది పీల్చుకునే గాలి ఒత్తిడిని ఒకటి అనుకుంటే, కిట్ దాన్ని 1.4 చేస్తుంది. 83ని 1.4తో గుణిస్తే 116. కాగితం మీద 33 గుర్రాలు ఉచితం.

కాగితం మీద లేనిది వేడి. సైకిల్‌కి గాలి కొట్టినప్పుడు పంపు అడుగు చెయ్యి కాలుతుంది కదా, గాలిని నొక్కితే వేడెక్కుతుంది. మన విజయవాడ మే నెలలో 42 డిగ్రీల గాలి లోపలికి వెళ్ళిందనుకోండి. చిన్న టర్బోలో 1.4 రెట్ల ఒత్తిడికి వచ్చేసరికి అది సుమారు 90 డిగ్రీలకు చేరుతుంది. ఆ గాలిని చల్లబరచడానికే ఇంటర్‌కూలర్. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో, కదలని బండిలో, రేడియేటర్‌కీ ఏసీ కండెన్సర్‌కీ మధ్యో ముందో ఇరికించిన ఇంటర్‌కూలర్‌కి చల్లగాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అసలు సంగతి ఇంకా ముందుంది. మా స్విఫ్ట్ ఇంజిన్ కంప్రెషన్ రేషియో 11కి 1. అంటే సిలిండర్‌లోకి వచ్చిన గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పిస్టన్ పదకొండో వంతుకి నొక్కుతుంది. టర్బో లేని ఇంజిన్‌కి ఇది మంచి సంఖ్య, మైలేజీ ఇందువల్లే బాగుంటుంది. అలా గట్టిగా నొక్కే ఇంజిన్‌లోకి ముందే నొక్కేసిన, ముందే వేడెక్కిన గాలిని పంపితే, స్పార్క్ ప్లగ్ వెలిగించాల్సిన పనంతా అయ్యేలోపే ఒక మూల పెట్రోలు తనంతట తనే భగ్గుమంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. మెకానిక్‌లు "ఇంజిన్ కొట్టుకుంటోంది" అంటారు. ఒకటి రెండు సార్లయితే ఇంజిన్ కంప్యూటర్ సర్దుకుంటుంది. ఘాట్ ఎక్కుతూ ఐదు నిమిషాలు అదే పనిగా కొట్టుకుంటే పిస్టన్ అంచు విరుగుతుంది, లేదా హెడ్ గ్యాస్కెట్ పోతుంది. నల్లమల మధ్యలో, ఫోన్ సిగ్నల్ లేని చోట, పిల్లలతో.

"మరి ఆ బస్సు?" అన్నాడు మావాడు. బస్సుది డీజిల్ ఇంజిన్. డీజిల్ ఇంజిన్ ముందు గాలిని మాత్రమే నొక్కుతుంది, ఆ వేడిలోకి డీజిల్‌ని చివర్లో చిమ్ముతుంది. ముందే మండిపోవడానికి అందులో ఇంధనమే ఉండదు. అందుకే టర్బో, డీజిల్ అంతగా కలిసిపోయాయి. ఇవాళ రోడ్డు మీద తిరిగే డీజిల్ కార్లు, లారీలు దాదాపు అన్నిటికీ టర్బో ఉంటుంది. పెట్రోలుకి పెట్టకూడదని కాదు. పెట్టాలంటే ఇంజిన్‌ని మొదటినుంచీ అందుకోసమే చెయ్యాలి.

దీనికి పాత కథ ఒకటి ఉంది. నా విద్యార్థులకు ఏటా చెబుతాను. 1962లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళ ఓల్డ్స్‌మొబైల్ విభాగం జెట్‌ఫైర్ అనే కారు తెచ్చింది. టర్బోతో అమ్మిన మొట్టమొదటి కార్లలో అదొకటి. ఇంజిన్ కంప్రెషన్ మాత్రం 10.25 దగ్గరే ఉంచేశారు. నాకింగ్ రాకుండా ఉండటానికి డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఒక ట్యాంకులో పోసి, అవసరమైనప్పుడు ఇంజిన్‌లోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆలోచన బాగుంది. కానీ కొన్నవాళ్ళు ఆ ట్యాంకు నింపడం మర్చిపోయేవారు. ఖాళీ అయితే కారు బలం తగ్గించుకునేది, జనానికి విసుగు. ఇబ్బందులు పెరిగి 1963తో ఆ కారు ఆపేశారు. తర్వాత చాలా కార్లకు టర్బో విప్పేసి మామూలు కార్బొరేటర్ బిగించి ఇచ్చారు. తయారుచేసిన కంపెనీకి, దాని ఇంజినీర్లందరికీ సాధ్యం కానిది, 58 వేల పెట్టెలోంచి తీసి రెండు రోజుల్లో బిగిస్తే సాధ్యమవుతుందా?

ఇక్కడ మన మెకానిక్‌లను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆటోనగర్ అంటే ఏమిటో విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. లారీ ఛాసిస్ ఇస్తే బస్సు చేసి పంపించే ఊరు మనది. బిగించడం వాళ్ళకి చిటికెలో పని. కానీ బిగించాక దాన్ని పరీక్షించేదెవరు? కంపెనీ ఒక టర్బో కారు తెచ్చేముందు ఎండలో, చలిలో, కొండల మీద నెలల తరబడి తిప్పి చూస్తుంది. మన కిట్‌కి ఆ పరీక్ష చేసేది మనమే, వెనక సీట్లో పిల్లలతో.

పైగా కిట్‌లో ఏమున్నాయో కాదు, ఏం లేవో చూడాలి. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి, దానికి పెద్ద ఇంజెక్టర్లు కావాలి. ఎప్పుడు ఎంత పెట్రోలు, ఎప్పుడు స్పార్క్ అనేది ఇంజిన్ కంప్యూటర్‌లో కొత్తగా రాయాలి. ఆ చిన్న డబ్బా అసలు కంప్యూటర్‌కి దొంగ లెక్కలు చూపించి పని కానిస్తుంది, అంతే. మా కారు క్లచ్ 113 న్యూటన్ మీటర్ల టార్క్‌కి సరిపడా చేసింది. బలం పెంచితే ముందు అదే జారుతుంది. టర్బో ఇరుసు తేలేది ఇంజిన్ ఆయిల్ పొర మీదే కాబట్టి ఆయిల్ ఖరీదైనది పోయాలి, తొందరగా మార్చాలి. ఆ ఆయిల్ వెళ్ళే పైపు కణకణలాడే టర్బో పక్కనుంచే పోతుంది. క్లిప్ వదులై అక్కడ ఆయిల్ కారితే బానెట్ కింద మంటలు లేస్తాయి. బ్రేకులు, టైర్ల మాట ఎవరూ ఎత్తరు. మన పిల్లల తొమ్మిదో తరగతి పుస్తకంలో గతిశక్తి పాఠం ఉంది చూడండి: వేగం 80 నుంచి 100కి పెరిగితే బ్రేకు ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇవన్నీ మావాడి చేతే ఆ పేజీ కింద రాయించాను. 58 వేలు ఎక్కడ ఆగిందో చెప్పను. వాడే పెన్ను కింద పెట్టాడు.

ఇంత ఖర్చుపెట్టి సాధించేదేమిటి? మీ కారు రోజంతా ఎక్కడ తిరుగుతుందో ఒకసారి ఆలోచించండి. ఇంటి నుంచి స్కూలు గేటు, గేటు నుంచి ఆఫీసు, సాయంత్రం మళ్ళీ గేటు. మొదటి గేరు, రెండో గేరు, ఇంజిన్ 1500 చుట్ల దగ్గర. ఆ చుట్లలో బయటికి పోయే పొగ టర్బోని గట్టిగా తిప్పలేదు. అంటే మీరు కారు వాడే చోట టర్బో నిద్రపోతూ ఉంటుంది, బానెట్ కింద వేడి మాత్రం పెంచుతుంది. మైలేజీ పెరుగుతుందని కూడా కొందరు నమ్ముతున్నారు. కంపెనీలు టర్బోతో మైలేజీ తెచ్చేది ఇంజిన్ సైజు తగ్గించి. మారుతి ఫ్రాంక్స్ టర్బో మోడల్లో ఉన్నది 998 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి దానిది. 100 హార్స్‌పవర్ ఇస్తుంది, గరిష్ఠ టార్క్ 2000 చుట్లకే అందుతుంది. పాత ఇంజిన్‌ని అలాగే ఉంచి దాని మీద టర్బో ఎక్కిస్తే, వేడి తగ్గించడానికి అదనంగా పెట్రోలు పొయ్యాల్సి వస్తుంది. నిజంగా టర్బో కావాలనుకునేవాళ్ళు కంపెనీ టర్బో కారే కొనుక్కోండి. సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే.

చట్టం సంగతి. చాలామందికి ఇది గుర్తుండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని ఉంది. "మరి సీఎన్‌జీ కిట్లు పెట్టిస్తున్నారు కదా సార్" అని గ్రూపులో ఒకరు అడిగారు. మంచి సందేహమే. ఇంధనం మార్చుకోవడానికి ఆ చట్టంలోనే దారి ఉంది. ఆమోదం పొందిన కిట్ పెట్టించి, ఆర్టీఓ దగ్గర ఆర్‌సీలో రాయించుకోవాలి. షెడ్‌లో బిగించే టర్బోకి అలాంటి దారి లేదు.

జరిమానా కన్నా నాకు భయం ఇన్సూరెన్స్. బండి మార్చిన విషయం చెప్పకుండా పాలసీ కట్టుకుంటూ పోతాం. ఏ రాత్రో ప్రమాదం జరిగితే, సర్వేయర్ బానెట్ ఎత్తగానే మెరిసే గొట్టాలు కనిపిస్తాయి. మన కారు రిపేరు క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్ళకి అంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇంకొకటి ఉంది. దీన్ని మావాడితో ఇంత నేరుగా అనలేదు, మీతో అంటున్నాను. వాడు ఇవాళ టర్బో అడుగుతున్నది నాకోసం, ఘాట్‌లో నేను పడిన అవస్థ చూసి. కానీ వాడికి పదిహేను. మూడేళ్లలో లైసెన్సు వస్తుంది. ఆ రోజు స్టీరింగ్ ముందు కూర్చునేది వాడు. క్లచ్ సరిగ్గా వదలడం కూడా ఇంకా రాని చేతులకి, నలభై శాతం బలం పెంచి, బ్రేకులు మాత్రం పాతవే ఉంచిన బండిని నేనే సిద్ధం చేసి పెట్టినట్టవుతుంది. ఇంకా నిజం చెప్పుకుందాం: మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద, మూడేళ్లు ఆగని పిల్లలు ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. తాళాలు ఇచ్చేది మనమే. మైనరు నడిపి ప్రమాదం చేస్తే 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

(ఈ వ్యాసం రాస్తానంటే సంపాదకవర్గంలో ఒక మేడమ్ నవ్వుతూ, "చివర్లో పిల్లల మీద మార్కుల ఒత్తిడితో పోలిక పెట్టండి సార్, బాగుంటుంది" అన్నారు. పెట్టడం లేదు మేడమ్. ఇది కార్ల గురించే.)

మరి ఘాట్ మాటేమిటి? అక్కడే మావాడూ నేనూ కలిసి అసలు తప్పు పట్టుకున్నాం. ఆ తప్పు నాదే. మా ఇంజిన్ తన పూర్తి టార్క్ 113 న్యూటన్ మీటర్లని ఇచ్చేది 4200 చుట్ల దగ్గర. మైలేజీ పిసినారితనం కొద్దీ నేను మూడో గేర్లో, 2000 చుట్ల దగ్గర లాగించడానికి చూశాను. బలం అంటే టార్క్‌ని తిరిగే వేగంతో గుణించడమే. 2000 చుట్ల దగ్గర టార్క్ సుమారు 100 అనుకుంటే, చేతికి వచ్చేది 28 హార్స్‌పవర్. రెండో గేర్లో 4200 దగ్గర అయితే 68. అంటే ఇంట్లో 83 గుర్రాల్ని కట్టేసి పెట్టుకుని, 28తో కొండ ఎక్కించి, మిగతావి కొనుక్కురావడానికి బజారుకి బయల్దేరామన్నమాట. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తే అది ఇటుక రంగులోకి తిరిగి ఉంది. టైర్లలో గాలి కూడా చెప్పినదానికన్నా తక్కువే. ఫిల్టర్‌కి కొన్ని వందలు ఖర్చయింది, గాలికి పది నిమిషాలు పట్టింది.

సంక్రాంతికి మళ్ళీ శ్రీశైలం వెళ్ళాం. అదే ఐదుగురం, అదే పులిహోర. ఘాట్ మొదలవగానే రెండో గేర్ వేసి ఇంజిన్‌ని 4000 చుట్ల దగ్గర ఉంచాను. "బండి అరుస్తోందిరా, ఆపండి" అని మా అమ్మ రెండుసార్లు అంది. ఏసీ ఆపలేదు. బస్సు ఈసారి అద్దంలో కనిపించింది, కాసేపటికి కనిపించడం మానేసింది. మావాడు చుట్ల ముల్లు వైపు చూస్తూనే ఉన్నాడు. "అయినా టర్బో ఉంటే మూడో గేర్లోనే వెళ్ళిపోయేది" అన్నాడు. ఒప్పుకున్నాను.

మొన్న ఆదివారం వాణ్ణి మా పాలిటెక్నిక్ ల్యాబ్‌కి తీసుకెళ్ళి, కోసి పెట్టిన డీజిల్ ఇంజిన్ చూపించాను. మన స్కూలు సైన్స్ ఫెయిర్‌కి అలాంటిదొకటి తెప్పించమని ప్రిన్సిపాల్ గారిని అడగాలని ఉంది. తెచ్చి పెట్టే బాధ్యత నాది. వచ్చేటప్పుడు ఆటోనగర్‌లో ఒక పాత ఇనుము దుకాణం దగ్గర ఆగమన్నాడు. లారీదేదో పాడైపోయిన టర్బో, కిలోల లెక్కన తూచి ఇచ్చారు. కిరసనాయిలుతో రెండు రోజులు కడిగాడు. ఇప్పుడది మా బాల్కనీలో, తులసి కుండ పక్కన ఉంది. మావాడు దాని నోట్లోకి సైకిల్ పంపుతో గాలి కొడితే లోపల చక్రం సన్నగా ఈల వేస్తూ తిరుగుతుంది. మా ఆవిడకి ఒకటే బాధ, ఆ మరకలు టైల్స్ మీదనుంచి పోవడం లేదని.